లిపి వైరము: హిందూ ముస్లిం కలహ చరిత్రమున ఒక అధ్యాయము

హిందూ ముస్లిం కలహముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా దేవాలయము, మసీదు, గోవు, ఊరేగింపు, ఎన్నికల స్థానములు అను విషయముల చుట్టు తిరుగుచుందురు. అవి చిన్న విషయములు కావు. వాని పేర రక్తము ప్రవహించినది. కాని వీనితోపాటు మరియొక కారణము కూడ కలదు. అది కచేరీ గుమాస్తా బల్లమీద పుట్టినది, పాఠశాలలో పెరిగినది, పత్రికలలోను, నాటకములలోను, సాహిత్య చరిత్రలలోను బలిసినది. ఉత్తర హిందూస్థానమున ఒకే జనము మాటలాడు ఒకే పలుకుబడిని రెండు లిపులలో వ్రాసి, ఒక లిపిని ఒక మతమునకును, రెండవదానిని రెండవ మతమునకును కట్టివేయుటయే ఆ కారణము. గుడి మసీదు తగవులలో రచయిత తాను ప్రేక్షకుడనని చెప్పుకొనవచ్చును. ఈ తగవులో మాత్రము ఆ మాట చెల్లదు. ఇందు వాది రచయిత, ప్రతివాది రచయిత, సాక్షియు రచయితయే.

ఢిల్లీ మీరటు ప్రాంతముల పలుకుబడికి ఖడీబోలీ యని పేరు. నేటి హిందీకిని, ఉర్దూకును వ్యాకరణము ఈ పలుకుబడినుండియే వచ్చినది. క్రియలు, సర్వనామములు, విభక్తి ప్రత్యయములు రెండింటను ఒక్కటే. పూర్వులు దీనిని హిందవీ యనిరి, హిందీ యనిరి, రేఖ్తా యనిరి, దక్షిణాదికి వచ్చినప్పుడు దక్కనీ యనిరి. అమీర్ ఖుస్రో (1253–1325) దేశభాషను హిందవీ యని ప్రేమతో పేర్కొనెను. గోలకొండ ప్రభువు మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో వేలకొలది పద్యములు చెప్పెను. అదే ఆస్థానమున వజ్హీ 1635లో ‘సబ్‌రస్’ అను గద్యకావ్యమును రచించెను. అవధీ భాషలో జాయసీ 1540 ప్రాంతమున రచించిన ‘పద్మావత్’ ఒక రాజపుత్ర రాణి కథ, కవి సూఫీ, అతని కావ్యపు వ్రాతప్రతులు పెక్కు పారసీ లిపిలో దొరకినవి. నాడు లిపి మతమునకు గుర్తు కాదు. అది వ్రాయసకాని అభ్యాసమును బట్టి యుండెడిది. ఈ భాషకు ‘ఉర్దూ’ అను పేరు వాడుకకు వచ్చుటయే 18వ శతాబ్ది చివరి భాగమున. అంతకు ముందు మీర్ వంటి మహాకవి తాను వ్రాయు భాషను హిందీ యనుటకు జంకలేదు.

1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాల ఏర్పడినది. కంపెనీ కొలువునకు వచ్చిన ఇంగ్లీషు యువకులకు దేశభాషలు నేర్పుట దాని పని. హిందూస్థానీ శాఖకు జాన్ గిల్‌క్రిస్ట్ అధిపతి. చదువుటకు వచన గ్రంథములు కావలసివచ్చి ఆయన మున్షీలచేత వ్రాయించెను. మీర్ అమ్మన్ పారసీ లిపిలో ‘బాగ్ ఒ బహార్’ వ్రాసెను. అదే కళాశాలలో లల్లూలాల్ భాగవత దశమస్కంధ కథను ‘ప్రేమ్‌సాగర్’ అను పేర నాగరి లిపిలో వ్రాసెను. యావనీ పదములను విడిచి వ్రాసినట్లు తానే చెప్పుకొనెను. ఒకే కప్పు క్రింద, ఒకే యజమాని జీతముపై, ఒకే వ్యాకరణముతో రెండు వచనశైలులు తయారైనవి. గిల్‌క్రిస్ట్ కలహము పెట్టవలెనని తలచెనని చెప్పుట న్యాయము కాదు. ఆయనకు కావలసినవి పాఠ్యపుస్తకములు. కాని పాఠ్యపుస్తకము భాషకు అచ్చు వంటిది. అందు పోసిన లోహము ఆ ఆకారమునే గట్టిపడును.

అదే కాలమున లక్నోలో ఇన్షా అల్లాఖాన్ అను కవి ఒక పంతము పట్టెను. అరబ్బీ పారసీ పదములు గాని, సంస్కృత పదములు గాని లేక, నోటి మాటతోనే కథ చెప్పెదనని ‘రాణీ కేతకీ కీ కహానీ’ వ్రాసెను. హిందీ గద్యమునకు తొలి గ్రంథములలో ఒకటిగా ఇప్పుడు లెక్కించునది ఈ ముస్లిం కవి రచననే. తెలుగు పాఠకునకు ఇచట పొన్నెగంటి తెలగనార్యుడు స్ఫురింపక మానడు. అతడు అచ్చతెనుగున ‘యయాతిచరిత్రము’ వ్రాసి అంకితమిచ్చినది గోలకొండ సర్దారు అమీన్‌ఖానునకు. సంస్కృతపు బరువు లేని తెలుగును కోరి కృతి పొందినవాడు ముస్లిం ప్రభువు. పారసీ బరువు లేని హిందవీని కోరి కథ చెప్పినవాడు ముస్లిం కవి. దేశ్యముపై మక్కువ ఏ ఒక్క మతమువారి సొత్తును కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కలహమునకు అసలు పునాది 1837లో పడినది. అంతవరకు న్యాయస్థానములలో పారసీ రాజభాష. ఆ సంవత్సరము కంపెనీ ప్రభుత్వము పారసీని తొలగించి దేశభాషలను ప్రవేశపెట్టినది. వంగదేశమున బంగాళీ వచ్చినది; చిక్కు లేదు. కాని వాయవ్య పరగణాలలోను, బీహారులోను దేశభాషగా నిలిచినది పారసీ లిపిలోని ఉర్దూ. పాత గుమాస్తాలకు పారసీ లిపి వచ్చును. అధికారులకు అది తెలిసిన మార్గము. అందుచేత అర్జీ వ్రాయువాడు, సమను చదువువాడు, వకాల్తా పుచ్చుకొనువాడు అందరును ఆ లిపి నేర్వవలసి వచ్చెను. నాగరియో, కైథీయో చదివిన పల్లెటూరి రైతు తన భూమి దస్తావేజులో ఏమున్నదో తెలియక మరియొకని నోటికి కాచుకొనియుండెను. ఈ కష్టము నిజమైనది. దీనిని తొలగింపవలెనన్న కోరికయు ధర్మమైనదే. కాని లిపి మారినయెడల కొలువులు చేతులు మారును. ఆ భయమును అంతే నిజమైనది.

ఈ కొలువులలో నున్నవారందరు ముస్లిములు కారు. కాయస్థులు, కాశ్మీరీ పండితులు తరతరములుగా పారసీ చదివి ఉర్దూలో జీవించినవారు. ‘ఫసానయె ఆజాద్’ వ్రాసి ఉర్దూ నవలకు త్రోవ తీసిన రతన్‌నాథ్ సర్షార్ కాశ్మీరీ పండితుడు. లక్నోలో 1858లో ముద్రాలయము స్థాపించిన మున్షీ నవల్ కిశోర్ ఖురానును ముద్రించెను, హిందూ ధర్మగ్రంథములనును ముద్రించెను. ఉర్దూ గ్రంథములకు ఆ శతాబ్దమున అంతటి ప్రచారకర్త మరియొకడు లేడు. కాబట్టి మొదట ఈ తగవు హిందువునకును ముస్లిమునకును మధ్య కాక, ఉర్దూ చదివి కొలువులో నున్నవానికిని, నాగరి చదివి వెలుపల నిలిచినవానికిని మధ్య వచ్చినది. దానిని మతమునకు తిప్పిన రీతియే ఇచట పరిశీలింపదగినది.

1867లో కాశీలో కొందరు హిందూ ప్రముఖులు న్యాయస్థానములలో ఉర్దూకు బదులు హిందీని నాగరి లిపితో ప్రవేశపెట్టవలెనని ప్రయత్నము మొదలిడిరి. అప్పుడు సయ్యద్ అహ్మద్ ఖాన్ అచటనే న్యాయాధికారిగా నుండెను. అంతవరకు ఉభయ మతములవారి విద్యాభివృద్ధికై కలిసి పనిచేసినవాడాయన. ఇకమీదట ఈ రెండు జాతులును ఏ పనిలోను మనఃపూర్వకముగా కలియజాలవని ఆయన షేక్‌స్పియర్ అను కమీషనరుతో (మహాకవికిని ఇతనికిని పేరు మాత్రమే పొత్తు) చెప్పినట్లు హాలీ 1901లో ప్రకటించిన ‘హయాతె జావేద్’ అను జీవితచరిత్రమున నున్నది. హాలీ ఈ సంభాషణను మూడు దశాబ్దములు గడచిన పిమ్మట వ్రాసెను. తరువాతివారు దానిని ద్విజాతి సిద్ధాంతమునకు తొలిపలుకుగా ఎత్తి చూపిరి. ఏదియెట్లున్నను ఆ నిరాశకు కారణము గోవు కాదు, మసీదు కాదు, లిపి.

1868లో రాజా శివప్రసాద్ నాగరి కొరకు ప్రభుత్వమునకు విజ్ఞాపనపత్రము సమర్పించెను. విచిత్రమేమనగా, ఆయన లిపి మాత్రమే మారవలెననెను. భాష అందరికిని తెలిసినదిగా, వాడుకలోని పారసీ పదములతోడనే యుండవలెనని క్రమముగా పట్టుపట్టెను. ఆయన మాట స్వపక్షమువారికే రుచింపలేదు. లిపితో కూడ పదములును మారవలెనన్నవారిదే పైచేయి ఐనది. తగవు చల్లారుటకు అవకాశమున్న తావు ఇదొక్కటే యనిపించును. దానిని ఉభయులును దాటిపోయిరి.

ఇక సాహిత్యము రంగమున దిగినది. భారతేందు హరిశ్చంద్రుడు (1850–1885) ‘రసా’ అను పేర ఉర్దూ కవిత్వము చెప్పినవాడు. ఆ కవియే 1874లో ‘ఉర్దూ కా స్యాపా’ అను పరిహాస రచన ప్రకటించెను; అందు ఉర్దూ మరణించినట్లును, అరబ్బీ, పారసీ మొదలగు బంధువులు రొమ్ము బాదుకొని ఏడ్చుచున్నట్లును కల్పించెను. తాను పాడిన గొంతునే తాను పరిహసించుట! మీరటు పండితుడు గౌరీదత్తు మొదలగువారు వ్రాసిన నాటకములలో నాగరి పతివ్రతయైన కులస్త్రీ. ఉర్దూ ఒగలుబోతు వేశ్య. న్యాయాధికారి ఎదుట ఇద్దరును వాదించుకొందురు; తీర్పు ముందే తెలిసినది. ఇటువంటి రచన యొకటి 1885లో గోరఖ్‌పూరున ముస్లిములలో ఆగ్రహమును రేపినది. ఉర్దూ పక్షమువారును తక్కువ తినలేదు. హిందీ యన పల్లెటూరి మోటు పలుకనియు, నాగరి యన దుకాణదారుని లెక్కలకు తగిన వ్రాతయనియు ఈసడించిరి. భాషను స్త్రీగా చిత్రించుట మన కవులకు పాత అలవాటు. ఆ స్త్రీకి మతము నంటగట్టి శీలమును శంకించుట ఈ కాలపు క్రొత్త. భాషను తిట్టినవాడు దానిని మాటలాడు ఇంటివారిని తిట్టినట్లే కదా. ఆ ఇంటివారు దానిని మరచిపోవుదురా?

1881 నుండి బీహారు న్యాయస్థానములలో పారసీ లిపి పోయి నాగరి, కైథీ లిపులు వచ్చినవి. 1882లో విద్యావిషయమై ప్రభుత్వము నియమించిన హంటర్ సంఘము ఎదుట ఇరుపక్షములును విజ్ఞాపనలు కుప్పలు పోసినవి. 1893లో కాశీలో నాగరీ ప్రచారిణీ సభ పుట్టినది. దాని స్థాపకులు విద్యార్థులు. అదే సంవత్సరము ఆజంగఢ్ జిల్లాలోను, పరిసరములందును గోరక్షణ విషయమై ఘోరమైన అల్లరులు జరిగినవి. సభవారు అల్లరులు చేయించిరనుట అబద్ధము. కాని గోరక్షణ సభలును, నాగరి సభలును ఒకే పట్టణములలో, పలుమారు ఒకే ధనికుల చందాలతో నడచినవి. గోమాత, నాగరీ మాత అను రెండు ప్రతిమలును ఒకే కాలమున ఒకే పీఠము నెక్కినవి. 1897లో మదనమోహన మాలవీయుడు నాగరి పక్షమున వివరమైన గ్రంథము రచించెను. సుమారు 60 వేల సంతకములతో ప్రభుత్వమునకు అర్జీ అందినది.

1900 ఏప్రిల్ 18వ తేదీన లెఫ్టినెంటు గవర్నరు ఆంటనీ మక్డానెల్ ఆజ్ఞ వెలువడినది. ఆజ్ఞలో నున్నది చాల స్వల్పము: అర్జీలు నాగరిలో కూడ ఇయ్యవచ్చును, సమనులు రెండు లిపులలో నుండవలెను, గుమాస్తాలు రెండింటిని నేర్వవలెను. ఉర్దూను తొలగించిన ఆజ్ఞ కాదిది. ఆచరణలో పారసీ లిపి ఇంకను బహుకాలము కచేరీలలో నిలిచినది. అయినను ముస్లిం విద్యావంతులకు ఇది రాజ్యము పోయినంత పని యనిపించినది. అలీగఢ్ కళాశాల కార్యదర్శి మొహ్సిన్ ఉల్ ముల్క్ ఉర్దూ రక్షణ సంఘము నెలకొల్పి లక్నోలో పెద్ద సభ చేసెను. కళాశాల కావలెనో ఉద్యమము కావలెనో తేల్చుకొమ్మని ప్రభుత్వము పట్టుపట్టగా ఆయన ఉద్యమమును వదలెను. అవమానము మాత్రము మనసులను వదలలేదు. ఆరేండ్లకు సిమ్లాలో వైస్రాయిని దర్శించి ముస్లిములకు ప్రత్యేక ప్రాతినిధ్యము కోరిన రాయబారమును నడిపినవారిలో మొహ్సిన్ ఉల్ ముల్క్ ముఖ్యుడు. 1906 డిసెంబరులో ఢాకాలో ముస్లిం లీగు పుట్టినది. లిపి తగవు లేకయున్న లీగు పుట్టెడిది కాదని చెప్పజాలము. ఆ లీగు తొలి నాయకుల మనసులో మానని గాయములలో ఇదొకటి యని మాత్రము చెప్పవచ్చును.

దేశమును విభజించుటకు ముందే సాహిత్య చరిత్రలు విభజింపబడినవి. మహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ప్రకటించిన ‘ఆబె హయాత్’ ఉర్దూ కవుల చరిత్రలలో మనోహరమైనది. అందు హిందూ కవులకు ఇంచుమించు చోటు లేదు. దక్కనీ కవులకును న్యాయము జరుగలేదు. రామచంద్ర శుక్లుడు 1929లో ప్రకటించిన ‘హిందీ సాహిత్య కా ఇతిహాస్’ హిందీ విమర్శకు మూలస్తంభము. శుక్లుడు జాయసీని ఎంతగానో ఆరాధించి ఆ కవి గ్రంథములను పరిష్కరించినవాడు; ముస్లిం కవి యను ద్వేషము ఆయనకు లేదు. అయినను ఖడీబోలీలో అతి ప్రౌఢ కవిత్వము చెప్పిన మీర్, గాలిబులు ఆ భాషా చరిత్రమున వెలుపలనే నిలిచిరి. అవధీ, వ్రజభాష అను వేరు పలుకులు లోపలివి. అదే వ్యాకరణముతో అదే నగరమున పుట్టిన కవిత్వము పైది! ఇద్దరును గొప్ప పండితులు, ఇద్దరును సద్భావము గలవారు. పాఠశాల బాలుడు మాత్రము ఈ రెండు గ్రంథముల ఫలితముగా తన ఇంటిలో సగము పొరుగింటిదని నేర్చుకొనెను.

ఈ చీలికకు నడుమ నిలిచి నలిగిన రచయిత ప్రేమ్‌చంద్. అతడు కాయస్థుడు, పారసీ ఉర్దూలు చదివి నవాబ్‌రాయ్ అను పేర ఉర్దూలో రచన ఆరంభించెను. 1908 నాటి ‘సోజె వతన్’ కథలను ప్రభుత్వము రాజద్రోహమని పట్టుకొనిన పిమ్మట పేరు మార్చుకొనెను. 1914, 1915 నాటికి హిందీవైపు తిరుగసాగెను. ఉర్దూలో హిందువునకు ఆదరము లభించుట కష్టమన్న నిరాశ ఆయన లేఖలలో కానవచ్చును. ఉర్దూ ప్రకాశకులు దొరకకపోవుట మరియొక కారణము. ‘బాజారె హుస్న్’ అను నవల మొదట ఉర్దూలో వ్రాయబడి, మొదట హిందీలో ‘సేవాసదన్’ అను పేర వెలువడి, ఉర్దూలో 1924 వరకు వెలుగు చూడలేదు. అదే సంవత్సరము ఆయన ‘కర్బలా’ నాటకము ప్రకటించెను. ఇమాం హుసేను పక్షమున హిందువులు పోరాడి ప్రాణములిచ్చినట్లు అందు చిత్రించెను. కలహములు ముదిరిన ఆ దినములలో ఇది సాహసము. ఆయన చివరివరకు రెండు లిపులను విడువలేదు. కాని ఆయనకు మిగిలినది ఒకే పాఠకలోకము కాదు, రెండు.

1931 మార్చిలో కాన్పూరున జరిగిన అల్లరులలో హిందీ పత్రిక ‘ప్రతాప్’ సంపాదకుడు గణేశ్‌శంకర్ విద్యార్థి 25వ తేదీన మరణించెను. హిందువుల వాడలలో చిక్కిన ముస్లిములను, ముస్లిముల వాడలలో చిక్కిన హిందువులను తప్పించుచు తిరుగుచుండగా అతనిని చంపిరి. ఆ అల్లరుల విచారణకై కాంగ్రెసు నియమించిన సంఘమునకు భగవాన్‌దాస్ అధ్యక్షుడు, పండిత సుందర్‌లాల్ కార్యదర్శి. వారు ఒక పట్టణపు కొట్లాటతో ఆగక ఉభయ మతముల సంబంధముల చరిత్రమంతయు పరిశీలించి నివేదిక వ్రాసిరి. 1933లో వెలువడిన ఆ నివేదికను బ్రిటిషు ప్రభుత్వము నిషేధించినది. కలహమునకు మందు వెదకిన గ్రంథము నిషిద్ధమైనది; కలహమును రేపు కరపత్రములు మాత్రము సంతలో దొరకుచునే యుండెను.

గాంధీజీ ఈ వ్యాధికి ‘హిందూస్థానీ’ని ఔషధముగా సూచించెను. ఉత్తరాదిన హిందువులు ముస్లిములు మాటలాడునదియు, నాగరిలో గాని పారసీ లిపిలో గాని వ్రాయునదియు హిందీ యని ఆయన నిర్వచనము. 1918లోను, 1935లోను ఆయన హిందీ సాహిత్య సమ్మేళనమునకు ఇందూరులో అధ్యక్షుడు. 1936లో నాగపూరున భారతీయ సాహిత్య పరిషత్తు సమావేశమైనప్పుడు పరిషత్తు భాషను ‘హిందీ హిందూస్థానీ’ యని పిలువవలెనని ఆయన అనగా, ఉర్దూ నాయకుడు అబ్దుల్ హక్ తీవ్రముగా విరోధించెను. ‘హిందీ’ అను మాట ముందుండుటే ఆయనకు అనుమానము. ఒక సమాసములోని పదక్రమము ఒక దేశపు విశ్వాసమును కదలించినది! 1942లో వార్ధాలో హిందూస్థానీ ప్రచార సభ వెలసినది. రెండు లిపులును నేర్వవలెనను పట్టుదల సమ్మేళనమునకు సరిపడలేదు. 1945లో పురుషోత్తమదాస్ టండన్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి గాంధీజీ సమ్మేళనమును వీడెను. ఒక పక్షమునకు ఆయన ఉర్దూ పక్షపాతి. మరియొక పక్షమునకు ముసుగు వేసుకొనిన హిందీవాది.

1947 జూలైలో విభజన నిశ్చయమైన పిమ్మట, రాజ్యాంగ పరిషత్తులోని కాంగ్రెసు సభ్యులు తమ సమావేశమున ఓటు తీసికొనిరి: హిందూస్థానీకి 32, హిందీకి 63. దేశమును చీల్చిన కోపము ఆ లెక్కలో కనబడును. 1949 సెప్టెంబరు 14వ తేదీన నాగరి లిపిలోని హిందీ కేంద్రమునకు రాజభాష ఐనది. 351వ అధికరణమున హిందూస్థానీ రూపములను కూడ ఇముడ్చుకొనవలెనని వ్రాసిరి. అదే వాక్యమున పదములకు ముఖ్యముగా సంస్కృతము నాశ్రయింపవలెననియు వ్రాసిరి. ఎనిమిదవ షెడ్యూలులోని 14 భాషలలో ఉర్దూకు స్థానము దక్కినది. పుట్టినింట మాత్రము దానికి పాఠశాల కరవైనది. 1954లో జాకిర్ హుసేన్ మొదలగువారు ఉత్తరప్రదేశమున ఉర్దూను గుర్తింపవలెనని 20 లక్షలకు పైగా సంతకములతో రాష్ట్రపతికి విజ్ఞాపనపత్రము ఇచ్చిరి. నాగరి కొరకు 60 వేల సంతకములు సేకరించిన నేలయే అది. ఉత్తరప్రదేశమున ఉర్దూ రెండవ అధికార భాష యగుటకు 1989 వరకు పట్టినది.

సరిహద్దునకు ఆవల జరిగినది ఈ కథలో కడు బోధకమైన భాగము. ఉర్దూ ముస్లిముల భాష యైనచో ముస్లిముల దేశమునకు అది చాలవలెను. 1948 ఫిబ్రవరిలో పాకిస్తాను రాజ్యాంగ పరిషత్తున ధీరేంద్రనాథ్ దత్తు బంగాళీకి కూడ స్థానమీయవలెనని ప్రతిపాదించెను, తిరస్కరించిరి. మార్చి 21వ తేదీన ఢాకాలో జిన్నా ఉర్దూయే రాజభాష యని ప్రకటించెను. ఆయన మాతృభాష ఉర్దూ కాదు. ఆ ఉపన్యాసమును ఇంగ్లీషులోనే. జనసంఖ్యలో అధికులైన బంగాళీ ముస్లిములు దీనిని ఒప్పుకొనలేదు. బంగాళీని అరబ్బీ లిపిలో వ్రాయింపవలెనన్న ఆలోచన కూడ కేంద్ర విద్యామంత్రి ఫజ్లుర్ రహమాన్ చేసెను. 1952 ఫిబ్రవరి 21వ తేదీన ఢాకాలో విద్యార్థులపై కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ముస్లిములు కాల్చిరి, ముస్లిములు పడిరి; నడుమ నున్నది అక్షరము. 1956 రాజ్యాంగమున బంగాళీకి స్థానము లభించినది, కాని మనసులు కలియలేదు. 1971లో ఆ దేశము రెండైనది. బంగాళీ కొరకు మొదట నోరెత్తిన ధీరేంద్రనాథ్ దత్తును అదే సంవత్సరము పాకిస్తాను సైన్యము చంపినది.

ఈ వైరము తెలుగునాట హైదరాబాదు సంస్థానము ద్వారమున ప్రవేశించినది. 1880ల నడుమ అచట పారసీకి బదులు ఉర్దూ రాజభాష యైనది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసినది. దేశభాషలో వైద్యము, న్యాయశాస్త్రము చెప్పుట అపూర్వమైన సాహసము. అందులకై నడిచిన అనువాద శాఖ కృషి చిరస్మరణీయము. కాని సంస్థానమున ఇంచుమించు సగము మందికి తెలుగు మాతృభాష. ఆ భాషకు ఆ ఘనత దక్కలేదు. ఇది అన్యాయమే. అయినను 1921లో హైదరాబాదున ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా గేలిచేసి అడ్డుకొనినవారు ముస్లిములు కారు; మరాఠీ వాగ్ధోరణికి అలవాటుపడిన సభికులు. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. భాషాగౌరవపు ఆకలికి మతముతో పనిలేదని చెప్పుటకు తెలుగువారికి స్వగృహముననే దృష్టాంతము కలదు.

రజాకారుల దౌర్జన్యము నాటికి ఈ విచక్షణ మసకబారినది. అయినను సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసినందులకు 1948 ఆగస్టులో రజాకారుల చేతిలో హతుడైన షోయబుల్లాఖాన్ ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడు. రైతుపోరాటమునకు నాయకులలో ఒకడైన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి. ఆ సెప్టెంబరులో సైన్యము ప్రవేశించిన పిమ్మట సంస్థానపు జిల్లాలలో ముస్లిములపై జరిగిన హత్యాకాండను విచారించుటకు వెళ్ళినవాడు కాన్పూరు నివేదిక వ్రాసిన సుందర్‌లాలే. మృతులు 27 వేలకు తక్కువ కారని, 40 వేల వరకు ఉండవచ్చునని ఆయన సంఘము అంచనా వేసినది. ఆ నివేదికయు దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. నిజాము చెరసాలలో పద్యములు చెప్పిన దాశరథి కృష్ణమాచార్యులు ఉర్దూ మాధ్యమమున చదివినవాడు. 1961లో గాలిబును తెలుగు చేసి ‘గాలిబ్ గీతాలు’ వెలువరించెను. ఆయనకు ప్రభువుతో వైరము. ప్రభువు భాషతో కాదు.

తెలుగునకు లిపి చీలిక రాలేదు. పిఠాపురపు ఉమర్ అలీషా పద్యములను, 1998లో స్కైబాబా సంపాదకత్వమున ‘జల్‌జలా’లో గొంతెత్తిన ముస్లిం కవుల కవితలను తెలుగువారు ఒకే అక్షరమాలలో చదువుదురు. జవాబు, జిల్లా, రైతు, వకీలు, దస్తావేజు, రాజీనామా, హాజరు అను మాటలను ఏ మతమువాడును పరాయివని తొలగింపబూనలేదు. ఆరు శతాబ్దములకు పూర్వమే శ్రీనాథుడు భీమేశ్వరపురాణ కృతిపతియైన బెండపూడి అన్నయామాత్యుని అరబ్బీ, తురుష్క భాషలు తెలిసినవాడని పొగడెను. మంత్రికి అది భూషణము. ఐనను ‘జల్‌జలా’ కవులు చెప్పినది వేరొకటి: ఒకే లిపిలో వ్రాసినను తమ ఇంటి మాటలు, తమ బాధలు తెలుగు కావ్యలోకమున చోటుచేసుకొనలేదని. ఆ నింద ‘ఆబె హయాత్’ పైనను, శుక్లుని ఇతిహాసము పైనను వేయదగిన నిందకు చుట్టమే.

2001 జనగణనలో ఉర్దూ మాతృభాషగా చెప్పినవారు 5 కోట్ల 15 లక్షలు. 2011లో 5 కోట్ల 7 లక్షలు. దేశ జనసంఖ్య పెరుగుచుండగా ఈ సంఖ్య తరిగినది. మహారాష్ట్రమున అకోలా జిల్లా పాతూరు పురపాలక సంఘపు నామఫలకము మీద మరాఠీ క్రింద ఉర్దూ అక్షరములు ఉండరాదని ఒక వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2025 ఏప్రిల్ 15వ తేదీన న్యాయస్థానము ఆ వ్యాజ్యమును త్రోసిపుచ్చి, భాష మతము కాదనియు, ఉర్దూ ఈ గడ్డపై పుట్టినదే యనియు తీర్పు చెప్పినది. న్యాయస్థానములలో నిత్యము వినబడు అదాలత్, హలఫ్‌నామా, పేషీ అను మాటలు ఏ భాషవో కూడ ఆ తీర్పులోనే గుర్తుచేసినది. నామఫలకము మీద ఉర్దూ అక్షరములు నిలిచినవి.